బెత్తెడు ఎడం

నాలుగు చక్రాల బండికి ఐదో చక్రమెందుకని ఎవరైనా అడిగితే, మొన్నమొన్నటిదాకా నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. పైగా ఎదుటివారికి ఓపిక ఉంటే కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. నేను కాగితం తియ్యగానే మా ఆవిడ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ కథ ఆవిడకు కంఠతా వచ్చు.

2023 వేసవిలో మేమిద్దరం టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాం. వెళ్ళిన వారానికే ఇంట్లో ఏదో కుట్ర జరుగుతోందని నాకు అనుమానం వచ్చింది. మనవడూ మనవరాలూ ఒకటే గుసగుసలు. కోడలు ఏవో రంగు బొమ్మల పుస్తకాలు తిరగేయడం, నన్ను చూడగానే మూసెయ్యడం. తీరా ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర విషయం బయటపడింది. చక్రాల మీద ఇల్లు కొంటారట!

"అమ్మా నాన్నా మీరిద్దరూ ఉండగానే నాలుగు ఊళ్ళు తిప్పి చూపించాలని" అన్నాడు అబ్బాయి. "అమ్మకు హోటలు తిండి పడదు కదా. వంటిల్లే వెంట తీసుకుపోతాం."

ఆ దేశంలో ఇలాంటి ఇళ్ళు చాలా రకాలున్నాయి. కొన్నిటిని కారు వెనక గుండుకు తగిలించి లాక్కుపోతారు. మావాడు ముచ్చటపడినది 'ఫిఫ్త్ వీల్' అనే రకం. దాని మెడ పైకి లేచి, పికప్ ట్రక్కు వెనక తొట్టి మీదికి వంగి ఉంటుంది. ఆ మెడ కింద ఇనుప శీల ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని పేరు కింగ్ పిన్. తొట్టి మధ్యలో బిగించిన పళ్ళెం లాంటి లంకె ఆ శీలను దవడలతో పట్టుకుంటుంది. లంకెను వాళ్ళు హిచ్ అంటారు.

ఈ ఐదో చక్రం పేరు గుర్రబ్బళ్ళ కాలం నాటిది. నాలుగు చక్రాల కోచి బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు తిరగాలి. అందుకోసం ఇరుసు మీద ఒక వలయాన్ని పడుకోబెట్టేవారు. అదే ఐదో చక్రం. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వర్తకుడి పడవను ఫోర్డు కారుతో లాగించడానికి ట్రైలరు చేసి ఇచ్చాడు. ఆ దేశపు సరుకు ట్రైలర్ల కథలో అది ఒక ముఖ్య ప్రకరణం. ఆ లారీల లంకే కొంచెం చిన్నదై సంసారుల చేతికి వచ్చింది.

ఇక మావాడి చిక్కేమిటంటే, అతని ట్రక్కు తొట్టి పొట్టిది. పొడుగు తొట్టి ఎనిమిది అడుగులుంటుంది. పొట్టివాటిలో ఆరున్నర అడుగులవీ, ఐదున్నర అడుగులవీ ఉన్నాయి. పిల్లలూ పెద్దలూ కూర్చోవడానికి వెనక సీట్లు విశాలంగా కావాలని మావాడు ఆరున్నర అడుగుల తొట్టి ఉన్నది కొన్నాడు. మనుషులకు చోటు పెరిగితే తొట్టికి చోటు తగ్గిందన్నమాట.

ఆదివారం ట్రైలర్లు అమ్మే చోటికి అందరం వెళ్ళాం. అక్కడి మనిషి మాటకారి. "ఈ కాలపు ట్రైలర్లకు ముందు మూలలు గుండ్రంగా చెక్కేశారు. మీ పొట్టి తొట్టికి మామూలు బిగింపు లంకె చాలు" అన్నాడు. మావాడి మొహం వెలిగింది. బిగింపు లంకె అన్నిటికంటె చవక.

నాకు మాత్రం అంతకు రెండు రోజుల కిందట వీధి చివర చూసిన ట్రక్కు ఒకటి గుర్తొచ్చింది. దాని వెనక అద్దానికి బదులు అట్టముక్క అంటించి ఉంది. అబ్బాయిని అడిగితే, ఆ ఇంటాయన ట్రైలరును వెనక్కు నడుపుతూ బాగా మెలి తిప్పాడనీ, దాని మూల వచ్చి అద్దం పగలగొట్టిందనీ చెప్పాడు. చెప్పినప్పుడు అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను.

ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి. ఎవరైనా 'చాలు' అంటే 'ఎంత' అని అడగడం నా జబ్బు. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ కుట్టుపని టేపు అడిగి తీసుకుని, పిల్లల సుద్దముక్కలు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. ట్రక్కు వెనక ఇరుసు నడిమి నుంచి ముందు గది అద్దం దాకా కొలిస్తే 38 అంగుళాలు వచ్చింది. ట్రైలరు వెడల్పు ఎనిమిది అడుగులు, అంటే 96 అంగుళాలు. అందులో సగం 48. ట్రైలరు ట్రక్కుకు పూర్తిగా అడ్డం తిరిగితే దాని పక్క గోడ, శీల నుంచి అద్దం వైపు 48 అంగుళాలు వస్తుంది. ఉన్న చోటు 38.

సిమెంటు వాకిట్లో అసలు కొలతలతోనే బొమ్మ గీశాను. మనవడు శీల స్థానంలో నుంచున్నాడు. వాడి చేతికి 48 అంగుళాల తాడు ఇచ్చి, కొస మనవరాలి చేత పట్టించి, చుట్టూ తిరగమన్నాను. ఆ పిల్ల గిర్రున తిరిగి, అద్దం గీత దాటి, పది అంగుళాలు లోపలికి వెళ్ళి నుంచుంది.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు తాతయ్యా?" అంది.

వెనక సీటు అది. అక్కడ కూర్చునేది పిల్లలూ, వాళ్ళ నాయనమ్మా.

అబ్బాయి కాఫీ గ్లాసుతో వచ్చి ఆ బొమ్మ చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. "మూలలు గుండ్రంగా ఉన్నందుకు కొంత కలిసొస్తుంది నాన్నా" అన్నాడు చివరికి. "ఎంత కలిసొస్తుంది?" అన్నాను. గ్లాసు పక్కన పెట్టి టేపు తీసుకున్నాడు.

ఆ వారమంతా మా ఇంట్లో లంకెల చర్చే. లంకెను శాశ్వతంగా వెనక్కు జరిపి బిగిస్తే సరిపోదా అని నేనే మొదట అడిగాను. అడిగిన మరుక్షణం మా నాన్నగారు కళ్ళముందు నుంచున్నారు. మాది గోదావరి పక్క పల్లెటూరు. ధాన్యం బస్తాలు బండికెత్తేటప్పుడు ఆయన కాడి చేత్తో ఎత్తి చూసేవారు. ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. వెనక బరువైతే కాడి పైకి లేచి, పలుపులు ఎడ్ల గొంతులు బిగిస్తాయి. ట్రక్కుకూ అదే న్యాయం. బరువు ఇరుసు మీదో, కాస్త ముందుకో పడాలి. బాగా వెనక్కు పడితే ముందు చక్రాలు తేలికై, స్టీరింగు మాట వినదు. అంచేత దారిలో లంకె ముందుండాలి, మలుపులో వెనక్కు వెళ్ళాలి. రెండూ కావాలి.

దానికి మార్గాలు లేకపోలేదు. ఒకటి, చేత్తో జరిపే లంకె. మెలి తిరగవలసిన చోట బండి ఆపి, దిగి, మీట లాగి, లంకెను వెనక్కు జరుపుకోవాలి. మళ్ళీ రోడ్డెక్కే ముందు యథాస్థానానికి తేవాలి. రెండోది, తనంతట తనే జరిగేది. ట్రైలరు తిరుగుతున్న కొద్దీ లంకె పట్టాల మీద వెనక్కు పోతుంది, తిన్నగా కాగానే ముందుకు వస్తుంది. దానికి ట్రైలరు శీల దగ్గర ఒక పలక అదనంగా బిగించాలి. ఖరీదూ ఎక్కువ, బరువూ ఎక్కువ. మూడోది, ట్రైలరు మెడనే మార్చి, తిరిగే కీలును శీల దగ్గర కాక బాగా వెనక పెట్టడం. ఇది మంచి ఉపాయమే కాని, ట్రైలరు చేసినవాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందుగా రాయించుకోవాలి.

మావాడు చేత్తో జరిపేదాని వైపు మొగ్గాడు. "దిగి మీట లాగడం ఎంతసేపు?" అన్నాడు.

మా ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తకుండా అంది: "నిన్న గరాజు తలుపు వేశావా?"

వెయ్యలేదు. కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటతో తీర్పు అయిపోయింది. ఎండలో మూడు గంటలు బండి నడిపి, చీకటి పడుతుండగా, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, కొత్తచోట వెనక్కు తిప్పే మనిషికి మీట గుర్తుంటుందా అన్నది అసలు ప్రశ్న. మరుపు లేనివాడికి చేతి లంకె చాలు. మా వంశంలో అలాంటివాళ్ళు లేరు.

కథ అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. తనంతట జరిగే లంకె బరువు 250 పౌన్లు అని కాగితంలో చదివి, నేను మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. చోటు లెక్క అయింది, ఇక బరువు లెక్క. ట్రక్కు తలుపు తీస్తే అంచున ఒక కాగితం అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిసి ఎన్ని పౌన్లు మించకూడదో అందులో రాస్తారు. మావాడి ట్రక్కుకు 2,850. ఎంత బరువు లాగగలదన్నది వేరు, ఎంత మొయ్యగలదన్నది వేరు. చాలామంది మొదటిదే చూసుకుని ట్రైలరు కొంటారు.

ఈ రకం ట్రైలరు తన బరువులో వందకు 15 నుంచి 25 వంతులు ట్రక్కు మీదే వేస్తుంది. కోడలు ముచ్చటపడిన ట్రైలరు సామానుతో 10,500 పౌన్లు. వందకు 20 చొప్పున 2,100. లంకె 250. అబ్బాయి, కోడలు, పిల్లలిద్దరూ కలిసి 420. మొత్తం 2,770. ఇంకా 80 పౌన్లు మిగులు. కాగితం అక్కడే మడిచి ఉంటే బాగుండేది. కాని లెక్కల మాస్టర్ని, వదలలేను. మేమిద్దరం కలిసి 280.

అంటే సరిగ్గా 200 పౌన్లు ఎక్కువ. ఆ ఎక్కువ ఎవరో కాదు, మేమే.

ఆ కాగితం రాత్రంతా తలగడ కింద ఉంచుకున్నాను. మా అబ్బాయికి ఇవ్వనా, చింపెయ్యనా అని. వాళ్ళ ముచ్చట మా వల్ల పాడవడం నాకిష్టం లేదు. చెప్పకపోతే పిల్లల్ని ఎక్కించుకుని అధిక బరువుతో వెళ్ళడం. పొద్దున్నే ఇచ్చేశాను. "మేం ఇంటి దగ్గరే ఉంటాంలేరా. మొక్కలకు నీళ్ళు పోసే వాళ్ళుండాలి కదా" అన్నాను. మా ఆవిడ కూడా వెంటనే, "నాకసలు ఆ ప్రయాణాలు పడవు" అంది. అప్పటికి నెల రోజులుగా పచ్చళ్ళూ పొడులూ సీసాలకెత్తుతున్న మనిషి ఆ మాట అనడం!

అబ్బాయి కాగితం రెండుసార్లు చదివాడు. కోపమొచ్చినట్టే ఉంది. ఎవరి మీదో తెలియలేదు. మాట్లాడకుండా ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోడలు ఆ బొమ్మల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పెద్ద వంటగది ఉన్న పేజీ మడత విప్పేసి, వేరే పేజీ మడిచి ఉంది. ఇందులో వంటగది చిన్నది, పొయ్యి రెండు మంటలది. సామానుతో కలిపి 8,500 పౌన్లు.

"వందకు ఇరవై చొప్పున 1,700. నాలుగు వందలు తగ్గింది. మీరిద్దరూ కూర్చున్నా ఇంకా రెండు వందలు మిగులు. లెక్క సరిగా చేశానా మామయ్యగారూ?" అంది.

"సరిగానే చేశావమ్మా" అన్నాను. ఇంకేమైనా అందామనుకున్నాను. గొంతు పెగల్లేదు.

ట్రైలరు వచ్చాక నాకో ఉద్యోగం కూడా ఇచ్చారు. లంకె తగిలించిన ప్రతిసారీ దవడలు పూర్తిగా మూసుకున్నాయో లేదో టార్చిలైటు వేసి చూడడం, అడ్డు శీల గుచ్చడం. ఆ తరువాత ట్రైలరు కాళ్ళు ఇంకా నేలమీద ఉండగానే, దాని బ్రేకులు పట్టించి అబ్బాయి ట్రక్కును మెల్లిగా ముందుకు లాగి చూస్తాడు. లంకె ఊడేటట్టయితే అక్కడే ఊడాలి, రోడ్డు మీద కాదు. 'సరే' అని నేను చెయ్యి ఊపితేనే కాళ్ళు లేస్తాయి. జీతం లేదు కాని హోదా ఉంది.

మొదటి ప్రయాణం టెక్సోమా సరస్సుకు. ఎర్రనదికి ఆనకట్ట కట్టగా ఏర్పడిన సరస్సు అది. ఒడ్డున ఐసెన్‌హోవర్ పేరిట పార్కు ఉంది. ఆయన పుట్టిన డెనిసన్ ఊరు పక్కనే. బయలుదేరడం ఆలస్యమై, మేం చేరేటప్పటికి పొద్దు వాలింది. మాకిచ్చిన చోటు చెట్ల మధ్య ఇరుకు సందు. ట్రైలరును వెనక్కు మెలి తిప్పి పెట్టాలి. పిల్లలిద్దరూ ఆకలని గొడవ. అబ్బాయి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. అనుకున్నట్టే, అచ్చం అలాంటి వేళే వచ్చింది.

స్టీరింగు పూర్తిగా తిప్పాడు. నేను వెనక్కు తిరిగి అద్దంలోంచి చూస్తున్నాను. ట్రైలరు గోడ కొండలాగా మా మీదికి వచ్చింది. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. తొట్టిలో ఎక్కడో కిర్రుమని చప్పుడైంది. లంకె వెనక్కు జరిగింది. పద్నాలుగు అంగుళాలు జరుగుతుందని కాగితంలో చదివిందే. 38కి 14 కలిపితే 52. అందులోంచి 48 పోతే నాలుగు. ట్రైలరు మూల అద్దానికి బెత్తెడు దూరంలోంచి మెల్లిగా పక్కకు తిరిగిపోయింది.

బండి ఆగాక కాసేపు ఎవరూ దిగలేదు.

"ఆ అట్టముక్క ఇంటాయన్ని తలుచుకుని నవ్వాను చూడు నాన్నా" అన్నాడు అబ్బాయి, స్టీరింగు మీద చేతులు తియ్యకుండా.

మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీస్తూ, "అద్దం బతికింది సరే, నా టేపు ఏదీ? ఆనాడు తీసుకుంది ఇప్పటిదాకా ఇవ్వలేదు మీరు" అంది నాతో.

నేను తడుముకుంటూ ఉంటే, అబ్బాయి ముందు అర తెరిచి టేపు తీసి వాళ్ళమ్మకు అందించాడు. దానికి చుట్టిన కాగితం నేను గుర్తుపట్టాను. 200 పౌన్లు ఎక్కువ అని నేను రాసిన లెక్క. కింద కోడలి చేతిరాతతో 200 మిగులు అని ఉంది.