పెట్టెలో చోటు

నాకు పనిముట్ల పిచ్చి. కొందరు పుస్తకాలు కొని చదవకుండా దాచుకున్నట్టు నేను డ్రిల్లులూ గ్రైండర్లూ కొని దాచుకుంటాను. ఎప్పటికైనా పనికొస్తాయని ఇంట్లో చెబుతుంటాను. ఆ 'ఎప్పటికైనా' చాలావాటి విషయంలో ఇంకా రాలేదు. ఇది ఎవరికీ హాని చేయని పిచ్చేనని నమ్ముతూ వచ్చాను. కానీ దీని మూలంగానే ఒక రాత్రి ముగ్గురు మనుషులు సముద్రంలో కొట్టుకుపోయారు. ఆ సంగతి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, సిగ్గుపడి వాయిదా వేస్తున్నాను.

మాది సుమ్మాదేవి. పలాసకూ మందస రోడ్డుకూ నడుమనున్న చిన్న రైల్వేస్టేషను. పెద్ద బళ్ళు మా ఊరిని ఒక ఈలతో పలకరించి వెళ్ళిపోతాయి. అక్కణ్ణుంచి తూర్పుగా జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ పోతే ఉద్దానం తీరం. అక్కడొక పల్లెలో నా చిన్ననాటి స్నేహితుడున్నాడు. పలాసలో కలిసి చదువుకున్నాం. నేను ఉద్యోగం వెతుక్కుంటూ పోయాను, వాడు తండ్రి వల అందుకున్నాడు. ఇప్పటికీ నన్ను 'బావా' అనే పిలుస్తాడు. వరస ఏమీ లేదు, అలవాటు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు ఇళ్ళమీదా దారులమీదా అడ్డంగా పడ్డాయి. కరెంటు పోయింది. నా దగ్గరున్న కరెంటు రంపం అటకమీద మొద్దులా కూర్చుంది. దారులు తెరిచినవి గొడ్డళ్ళూ పెట్రోలు రంపాలూను. ఆ రోజుల నుండి నేను గ్రహించవలసింది ఒకటైతే, గ్రహించింది మరొకటి. తీగ ఉన్న పనిముట్లు దండగ, బ్యాటరీవి కొనాలి అని తీర్మానించుకున్నాను! కొన్నాను కూడా.

2022లో నా స్నేహితుడూ వాడి తోడల్లుడూ కలిసి ఒక పాత ఫైబరు పడవ కొన్నారు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. వలలు బాగుచేసుకోవడం, పడవల పగుళ్ళు పూడ్చుకోవడం అప్పుడే. ఆ రోజుల్లో ఒకసారి సెలవుమీద వెళ్ళాను, చేతిలో పెద్ద సంచీతో. పడవలో ఏయే పనిముట్లు ఉండాలో నేనే నిర్ణయిస్తానన్నాను. డ్రిల్లు, గ్రైండరు, ప్లాస్టిక్కును వేడిగాలితో మెత్తబరిచే తుపాకీ, బ్యాటరీ నుండి ఇంటి కరెంటు తీసే ఇన్వర్టరు, అన్నీ ఇసుకమీద పరిచాను. తీగలేని డ్రిల్లు 1961లోనే బజారుకొచ్చిందనీ, 1971లో అపోలో 15 వారు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుడి నేలను తొలిచారనీ ఉపన్యసించాను. అక్కడ గొట్టం ఇరుక్కుపోతే ఇద్దరు వ్యోమగాములు భుజాలొడ్డి పైకి లాగవలసి వచ్చిందన్న సంగతి మాత్రం మింగేశాను.

వాడు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఇదేటి బావా?"

"గ్రైండరు. ఫైబరు కొయ్యడానికి."

"నడిసంద్రంలో ఫైబరెందుకు కొయ్యాల?"

నేను లెక్కలు వేశాను. గ్రైండరు 700 వాట్లు. దాన్ని 12 వోల్టుల బ్యాటరీతో నడపాలంటే దాదాపు 60 ఆంపియర్లు లాగుతుంది. అందుకు తగ్గ బ్యాటరీ పాతిక కిలోలకు పైమాటే. అంటే అంత ఐసు తగ్గాలి. పైగా ఫైబరు పగులు పూడ్చాలంటే ఆ చోటు ఎండాలి, గరుకుగా గీకాలి, గాజునార పరిచి రెజిను పూయాలి, అది గట్టిపడేదాకా ఆగాలి. ఊగే పడవలో, ఉప్పునీటి తుంపరలో ఇందులో ఒక్కటీ కుదరదు. నా లెక్కే నన్ను ఓడించింది. గ్రైండరూ, వేడిగాలి తుపాకీ, ఇన్వర్టరూ ఒడ్డున ఉండిపోయాయి.

డ్రిల్లు దగ్గర మాత్రం పట్టుబట్టాను. అది చిన్నది, బ్యాటరీతో కలిపి కిలోన్నర. అడుగున పగులొస్తే రబ్బరు ముక్కమీద చెక్క అదిమి నాలుగు మరలు బిగిస్తే చాలు, నీరు తగ్గుతుంది. ఇది నిజమే, ఇప్పటికీ నిజమే. వాడు నా ముఖం చూసి, "సరే, నీ మాటెందుకు కాదనాల?" అన్నాడు.

పడవ వెనుక భాగంలో ఒక నీలిరంగు ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. మూత బిగిస్తే నీరు చొరదు. మోటారు సామానంతా అందులోనే. డ్రిల్లు పట్టడానికి అందులోంచి ఏవో తీసి గోనెసంచిలో వేశారు. ఏం తీశారో నేను చూడలేదు. ఆ సంచి ఇంటి చూరుకింద ఉండిపోయింది.

వాళ్ళది పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడిచే మోటారు. కిరసనాయిలుకు ప్లగ్గుమీద మసి పడుతుంది. ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించడం వాళ్ళకు చుట్ట వెలిగించుకున్నంత మామూలు పని. దానికి కావలసింది ఒక్క ప్లగ్గు పానా. ఆగస్టులో ఒక రాత్రి మోటారు ఆగింది. డబ్బా తెరిస్తే డ్రిల్లుంది, పానా లేదు. పట్టకారుతో ప్రయత్నిస్తే ప్లగ్గు తలమీది పింగాణీ పగిలింది, కింది మర కదల్లేదు. లంగరు తాడుకు అందని లోతు. తెడ్లు గాలికి ఎదురు పని చేయలేదు. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. గాలి వాళ్ళను ఈశాన్యంగా, ఒడిశా వైపు తోసుకుంటూ పోయింది. తెల్లవారాక పొరుగు పల్లె పడవ ఒకటి చూసి తాడు వేసి లాక్కొచ్చింది. అప్పటిదాకా ఒడ్డున రెండిళ్ళవాళ్ళు ఎలా ఉన్నారో నేను రాయలేను. మర్నాడు ఫోనులో వాడి భార్య, "ఏటీ కాలేదులే అన్నయ్యా" అన్న గొంతు చాలు.

నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తరువాత తారిణి గురించి చదివిన సంగతులు గుర్తుకొచ్చాయి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగి అక్కడికే చేరిన నౌకాదళపు తెరచాప పడవ అది. ఆరుగురు స్త్రీలు 254 రోజుల్లో భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. చివరి మజిలీలో, హిందూ మహాసముద్రంలో, చుక్కాని తిప్పే యంత్రాంగం చెడింది. ముందు అనుకోకపోయినా మారిషస్‌లోని పోర్టు లూయీకి చేరి బాగుచేయించుకున్నారు. పదిహేడు మీటర్ల పడవలోనూ కొన్ని పనులు ఒడ్డుకోసం ఆగుతాయన్నమాట. పడవలో ఉంచుకునే పనిముట్టు దాన్ని బాగుచేసే చోటికి మనల్ని చేర్చితే చాలు. మిగిలినవన్నీ ఒడ్డు పనిముట్లు.

ఆ ఏడాది సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడూ నేనూ ఆ డబ్బా మళ్ళీ సర్దాం. ఈసారి నేను కూర్చుని అందించాను, వాడు పెట్టాడు. ప్లగ్గు పానా, నూనెగుడ్డలో చుట్టిన రెండు కొత్త ప్లగ్గులు, మోటారు లాగే తాడు, పంకా మేకులు, పట్టకారు, స్క్రూడ్రైవరు, కత్తి, రాగితీగ, గరుకు కాగితం, ఎం-సీల్, టార్చి. మరలు బిగించడానికి వాడి తాతగారి నాటి చేతి బరమా ఒకటి వచ్చి చేరింది. తడిసినా తుడుచుకుని తిప్పుకోవచ్చు. డ్రిల్లు మానలేదు, రెండు రాత్రుళ్ళ వేటకు పోయేటప్పుడు వేరే డబ్బాలో, ఐసుకు ఎగువన ప్రయాణం చేస్తుంది. మోటారు డబ్బాలోకి మాత్రం దానికి ప్రవేశం లేదు. గ్రైండరు ఇప్పుడు ఊరి ఉమ్మడి సొత్తు. నిషేధం రోజుల్లో నాలుగు పడవలవాళ్ళు వంతులవారీగా వాడుకుంటారు. నేను కొన్నవాటిలో నిజంగా అరిగిపోయేదాకా పనిచేస్తున్నది అదొక్కటే.

ఈమధ్య వాడికి ఇద్దామని నీటిలో పడినా వెలిగే దీపం ఒకటి కొన్నాను. అలవాటు చావదు కదా! పడవ దగ్గర డబ్బా మూత తెరిచాడు. పానాకు నైలాను దారం కట్టి డబ్బా అంచుకు ముడివేసి ఉంది. నేను దీపం చేతిలోనే పట్టుకుని అడిగాను:

"ఇది పెడితే ఏది తీయాలి?"

వాడు నవ్వి, లోపలికి తొంగిచూసి, పాత టార్చి తీసి నాకిచ్చాడు.