అమ్మకు రోజుకో పువ్వు

నా ఫోన్ గ్యాలరీ తెరిస్తే మొదట కనిపించేవి పూలే. సెల్ఫీలు తక్కువ, ఫుడ్ ఫొటోలు ఇంకా తక్కువ. ఒకసారి ఆఫీస్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తుంటే పొరపాటున గ్యాలరీ ఓపెన్ అయింది. స్క్రీన్ నిండా జిల్లేడు, ఉమ్మెత్త, గడ్డి చామంతి. "ఏంటిది, ఆయుర్వేదం స్టార్టప్ ఏమైనా పెడుతున్నావా?" అని మేనేజర్ నవ్వాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. అసలు సంగతి చెప్పాలంటే పదిహేను నిమిషాల మీటింగ్ ఎక్కడ సరిపోతుంది?

ఇక్కడ చెప్తాను.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంజినీరింగ్ అయిపోయిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లోనే ఉద్యోగం. రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీలోనే. రెండేళ్ల కింద నడుము నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్ట్ ఎక్సర్‌సైజులతో పాటు రోజూ అరగంట నడక రాసిచ్చింది. అట్లా పొద్దున ఆరింటికి కొండాపూర్ గల్లీల్లో నడవడం మొదలుపెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు స్టెప్ కౌంట్ మీద. ఎప్పుడు అయిపోతుందా అన్నట్టే నడిచేదాన్ని.

ఒకరోజు ఇయర్‌ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. రాత్రి వాన పడి వెలిసింది. మా సందు చివర, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య, ఒక ఖాళీ ప్లాటు ఉంది. ఇటుక ముక్కలు, విరిగిన కమోడ్, కొబ్బరి బోండాలు. వాటి మధ్యలో మోకాలెత్తు మొక్కలు, కొసలకు తెలుపు, గులాబీ రంగు కలిసిన కుచ్చులు. ఆ కుచ్చుల మీద వాన చుక్కలు. ఎందుకో ఆగి ఒక ఫొటో తీశాను. బాగా వచ్చిందనిపించి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఆఫీస్‌కి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ అంతట అమ్మ, అది కూడా మధ్యాహ్నం పూట! గుండె గుభేల్‌మంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం కాలె బిడ్డా. గా గునుగు పువ్వు యాడిది? పట్నంల గూడ మొలుస్తదా?"

ఈ ప్రశ్న నాకు ఎంత పెద్దదో చెప్పాలంటే ముందు మా ఫోన్ సంగతి చెప్పాలి. మాది జనగామ దగ్గర ఒక పల్లె. 2022లో నాన్న పోయాడు. అప్పట్నుంచి అమ్మ ఒక్కతే ఉంటోంది. "నా దగ్గరికి వచ్చెయ్" అంటే "ఇల్లు, బర్రె, రెండెకరాలు ఎవ్వలు చూస్తరు?" అంటుంది. రోజూ రాత్రి ఫోన్ చేసేదాన్ని. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "తిన్న." "పానం మంచిగున్నదా?" "ఆఁ." తర్వాత ఇద్దరం మౌనం. కాల్ రెండు నిమిషాలు దాటేది కాదు. నాన్న ఉన్నప్పుడు అమ్మ ఎంత మాట్లాడేదో! ఆ మాటలన్నీ ఎటు పోయాయో నాకు అర్థం అయ్యేది కాదు.

ఇంకో సంగతి. నాన్న పోయాక అమ్మ తలలో పూలు పెట్టుకోవడం మానేసింది. మానేసింది అంటే అబద్ధం, మాన్పించారు. దినాల నాడు చుట్టాలు చేసిన ఆ తంతు నేను చూశాను. ఏమీ అనలేక పక్క గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఆ గది గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు ఎట్లా ఉంటుందో ఇప్పటికీ నాకు గుర్తే. అందుకే అమ్మ దగ్గర పూల మాట ఎత్తడమే మానేశాను. ఆ స్టేటస్ పెట్టినప్పుడు అమ్మ చూస్తుందని తట్టి ఉంటే బహుశా పెట్టేదాన్ని కాదు.

కానీ ఆ రోజు అమ్మ పద్దెనిమిది నిమిషాలు మాట్లాడింది. తన చిన్నప్పుడు గునుగు కోసం చెరువు వెనక్కి ఎట్లా పోయేవాళ్లో, కట్టలు కట్టి తెచ్చి కొసలకు రంగులు ఎట్లా అద్దేవాళ్లో, ఆ రంగు చేతుల నుంచి వారం దాకా ఎట్లా పోయేది కాదో. కాల్ కట్ అయ్యాక డ్యూరేషన్‌ని స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. నవ్వకండి, నిజం.

మర్నాటి నుంచి నడకలో నా పని మారిపోయింది. రోజుకో పువ్వు వెతకాలి, ఫొటో తీసి అమ్మకు పంపాలి.

మొదట్లో నగరంలో ఏం దొరుకుతాయిలే అనుకున్నా. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఇన్నాళ్లూ నా కళ్లే సరిగ్గా పని చేయలేదని. ఫుట్‌పాత్ పగుళ్లలో గడ్డి చామంతి. గోడ మీద నుంచి రోడ్డు మీదికి వేలాడే కాగితం పూలు. ఫిబ్రవరి, మార్చి వస్తే ఆకులన్నీ రాల్చి గులాబీ గుత్తులతో నిలబడే తబెబుయా. ఎండలు ముదిరితే పసుపు గొలుసులు వేలాడేసే రేల, ఎర్రగా మండిపోయే తురాయి.

దగ్గరికి జూమ్ చేసే కొద్దీ కొత్త సంగతులు బయటపడ్డాయి. కాగితం పూలలో మనం పువ్వు అనుకునే రంగు భాగం అసలు పువ్వే కాదు, రంగు మారిన ఆకులు. వాటి మధ్యలో అగ్గిపుల్ల తలంత తెల్లగా కనిపించేదే అసలు పువ్వు. తలంబ్రాల మొక్క ఉంది కదా, అదే లాంటానా. ఒకే గుత్తిలో పసుపు, గులాబీ రెండూ ఎందుకుంటాయో తెలుసా? కొత్తగా విచ్చుకున్నవి పసుపు, పాతబడ్డవి గులాబీ. సీతాకోకచిలుకలు ఎక్కువగా పసుపు వాటి మీదే వాలతాయి, తేనె దొరికేది అక్కడే కాబట్టి. మా ఆఫీస్ డ్యాష్‌బోర్డ్‌లో ఆకుపచ్చ, ఎరుపు లైట్లు పెట్టినట్టు మొక్క కూడా సిగ్నల్ ఇస్తుందన్నమాట!

పేరు తెలియని పువ్వు దొరికితే గూగుల్ లెన్స్‌లో పెట్టేదాన్ని. అది లాటిన్ పేరు చెప్పేది. అదే ఫొటో అమ్మకు పంపితే వేరే లెక్క. గడ్డి చామంతికి లెన్స్ "ట్రైడాక్స్ ప్రొకంబెన్స్" అంది. అమ్మ ఏమందంటే, "గాయపాకు గద. కొడవలి తెగితే నీకు దీని పసరే పోసిన. ఎడమ చెయ్యి చూస్కో." చూసుకున్నాను. బొటనవేలి కింద సన్నటి తెల్ల గీత. అది ఎట్లా అయిందో ఇన్నేళ్లూ నాకు గుర్తే లేదు.

మోదుగ పువ్వు పంపిన రోజు అరగంట క్లాస్. ఆ పూలు నానబెట్టి హోలీకి రంగు చేసేవాళ్లట, ఆకులతో విస్తర్లు కుట్టేవాళ్లట. తంగేడు పంపితే, "ఇది మన రాష్ట్ర పువ్వు గదా" అని నేను గొప్పగా చెప్పబోయాను. "దీని చెక్కతోని తోళ్లు ఊనవెట్టేటోళ్లు, ఎర్కేనా?" అని ఎదురు ప్రశ్న వేసింది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "అమ్మా, నేను రోజూ పూలు పంపుతుంటే నీకు బాధనిపిస్తదా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది: "పెట్టుకునుడు వద్దన్నరు గని, చూసుడు వద్దన్నరా బిడ్డా?"

నేనేమీ మాట్లాడలేకపోయాను. అమ్మే "రేపు ఏం పువ్వు పంపుతవ్?" అని మాట మార్చింది.

ఇక్కడి దాకా చదివి నేనేదో పూల ప్రేమికురాలినని మీరు అనుకుంటే, అరకు కథ కూడా వినాలి.

పోయిన డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో అరకు వెళ్లాను. విశాఖ నుంచి పొద్దున రైలు, సొరంగాలు, మంచు. ఆ సీజన్‌లో లోయ అంతా వలిసె పూలతో పసుపు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. రీల్స్‌లో చూసే ఉంటారు. నేనైతే ఆగలేకపోయాను. రోడ్డు పక్కన ఒక చేనులోకి దిగి, నడుం లోతు పూల మధ్యలో నిలబడి, చేతులు చాపి ఫొటోలు దిగాను. ఒక యాంగిల్ నచ్చక ఇంకొంచెం లోపలికి వెళ్లాను. ఇంకో నలుగురు కూడా అదే చేస్తున్నారు కాబట్టి తప్పనిపించలేదు.

రాత్రి అమ్మకు అన్నిటికన్నా బాగా వచ్చిన ఫొటో పంపాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నువ్వు మంచిగనే ఉన్నవ్ గని, నీ ఎనుక సూడు. ఎవ్వలి చేను బిడ్డా అది? వాళ్లను అడిగినవా?"

ఫొటో జూమ్ చేశాను. నా వెనుక, పసుపు మధ్యలో, ఒక గీత. నేను నడిచి వెళ్లిన దారి. మొక్కలు అటూ ఇటూ విరిగి పడి ఉన్నాయి. ఆ ఫొటోని అప్పటికే ఎన్నిసార్లు చూశానో! ఫిల్టర్ వేశాను, క్రాప్ చేశాను, కానీ ఆ గీత నా కంటికి ఆనలేదు. అమ్మకు మాత్రం మొదట కనిపించింది అదే.

వలిసెలు నూనె గింజలు. ఆ పువ్వు ఎండి గింజ అయితేనే ఆ రైతుకు డబ్బు. అమ్మానాన్నల పత్తి చేనులోకి ఎవరైనా కారు ఆపి దిగి ఇట్లా తొక్కి ఉంటే? నాన్న ఏమని ఉండేవాడో ఊహించుకోవడానికి కూడా సిగ్గేసింది.

మర్నాడు బయల్దేరే ముందు ఆటో మాట్లాడుకుని ఆ చేను దగ్గరికి వెళ్లాను. ఎవరైనా కనిపిస్తే తప్పయిందని చెప్పి, ఎంతో కొంత ఇద్దామని. అరగంట నిలబడ్డాను. ఎవరూ రాలేదు. పక్క చేనులో పని చేస్తున్న అతన్ని అడిగితే, వాళ్లు సంతకు పోయారన్నాడు. అంతలో మా వాళ్లు బస్సు టైమ్ అయిందని ఫోన్ చేశారు. గట్టు మీద నుంచే ఆ విరిగిన గీతను ఒక ఫొటో తీసుకుని వచ్చేశాను. ఆ ఫొటో ఎక్కడా పోస్ట్ చేయలేదు. డిలీట్ కూడా చేయలేదు.

అప్పట్నుంచి నాకు కొన్ని రూల్స్. చేనైతే గట్టు దాటను. మనిషి కనిపిస్తే అడిగే తీస్తాను. పువ్వు కోయను, కొమ్మ వంచను, నేనే వంగుతాను. నిజానికి ఫొటో బాగా వచ్చేది కూడా అప్పుడే. పువ్వు ఎత్తుకు ఫోన్ దించితే వెనుక చెత్త కాకుండా ఆకాశం వస్తుంది. లెన్స్ ఒకసారి చున్నీతో తుడవండి, సగం మసక అక్కడే పోతుంది. ఎండ ముదరక ముందే తీయండి. తంగేడు లాంటి పసుపు పూలకు వెలుగు ఎక్కువైతే రేకులు కలిసిపోయి ముద్దలా కనిపిస్తాయి. స్క్రీన్ మీద పువ్వును నొక్కి, బ్రైట్‌నెస్ కాస్త కిందికి లాగితే రేకు రేకూ విడిగా కనిపిస్తుంది. గాలి ఉంటే ఓపిక పట్టండి, అది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. నా నడుము నొప్పికి ఈ వంగడం లేవడం మంచిదేనని ఫిజియో కూడా సర్టిఫికెట్ ఇచ్చింది.

ఈసారి బతుకమ్మకు నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను. సద్దుల నాడు బతుకమ్మ నేను పేరుస్తానంటే అమ్మ పక్కన కూర్చుంది. తంగేడు కట్ట కోసం పొరుగాయన బండి మీద చాలా దూరం పోయి రావాల్సి వచ్చింది. ఒకప్పుడు ఊరి వెనకే దొరికేదట, ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు పాతారు. నేను రెండో వరసకే తప్పు చేశాను. "కాడలు లోపటికి పెట్టు, అంచుకు సమానం రావాలె" అని అమ్మ చెప్తూ పోయింది. తాను మాత్రం పువ్వు ముట్టలేదు. సాయంత్రం ఆట దగ్గరికి రమ్మని బతిమాలాను, తర్వాత గొడవ పడ్డాను. రాలేదు. "నువ్వు పో బిడ్డా, నేను ఈడికెళ్లి చూస్త" అని వాకిట్లోనే నిలబడింది. చప్పట్లు కొడుతూ తిరుగుతున్నంత సేపూ, ప్రతి చుట్టుకూ ఒకసారి మా వాకిలి కనిపించేది. అమ్మ కనిపించేది. ఆ రోజు నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు.

హైదరాబాద్ వచ్చిన మూడో రోజు పొద్దున అమ్మ నుంచి వాట్సాప్ వచ్చింది. ఫొటో! అమ్మ తీసిన మొదటి ఫొటో. సగం మసక, మూలకు బొటనవేలు అడ్డం. మధ్యలో మాత్రం, దడికి పాకిన తీగ మీద, ఒక పసుపు పువ్వు. కింద వాయిస్ మెసేజ్: "ఇది ఏం పువ్వో చెప్పు చూద్దాం."

లెన్స్‌లో పెట్టలేదు. ఇంత చిన్న ప్రశ్నకు యాప్ ఎందుకు?

"బీర పువ్వు," అన్నాను ఫోన్ చేసి, ధీమాగా.

"బీర పువ్వు పొద్దుమూకంగ పూస్తది. నేను ఇది పొద్దుగాల తీసిన. నేతిబీర," అని అమ్మ నవ్వింది. "పట్నంల ఉండి ఏం నేర్చుకున్నవ్ బిడ్డా నువ్వు?"