మోకిలలో పడవ ఇంజను

మోకిలలో పడవల రేవేమీ లేదు. అయినా పడవ ఇంజను బాగుచేయించడానికి మొన్న ఆదివారం అక్కడికే బయలుదేరాం. ఇంట్లో నవ్వనివారు లేరు.

మా ఆవిడ తమ్ముడిది చేపల వ్యాపారం. నాగార్జునసాగర్ జలాశయంలో చిన్న పడవ ఉంది. వెనకాల తగిలించే ఇంజను కిందటి నెల నట్టనడుమ ఆగిపోయింది. రోడ్డు మీద బండి ఆగితే దిగి తోసుకుపోతాం. నీళ్ళలో దిగి ఎక్కడికి పోతాం? తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి చీకటి పడిందట. ‘ఇంజను కుదుటపడితే సరే, లేకపోతే పడవ అమ్మెయ్యి’ అని అక్కగారు తేల్చి చెప్పేసింది.

గండిపేట, జన్‌వాడ దాటితే మోకిల. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ ఈ దారి పొరుగునే ఉంది. ఒకప్పటి పొలాలలో ఇప్పుడు ప్రహరీగోడల వెనక విల్లాలు. వాటి నడుమ ఒక వేపచెట్టు, దాని కింద రేకుల షెడ్డు. అరవై దాటిన మెకానిక్కు రైతుల మందుకొట్టే మిషన్లూ, పాత స్కూటర్లూ బాగుచేస్తాడు.

కార్బురేటరు విప్పి గుడ్డమీద పరిచాడు. గాలి సన్నటి గొంతులోంచి దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గి, ఇత్తడి జెట్టులోంచి పెట్రోలు తుంపరగా లేస్తుంది. తూకంలో సుమారు 15 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు. తెలుగు మేష్టరును గనుక ఇది కూడా ఒక సంధేననుకున్నాను. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుకట్టి, జెట్టు రంధ్రం మూసుకుపోయింది.

మావాడు గుండుసూది తీయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“పొడవకు తమ్మీ! రంధ్రం పెద్దదయితే లెక్క తప్పుతది.”

మందులో నానబెట్టి, గాలి కొట్టి, జెట్టును వెలుతురుకెత్తి చూశాడు. మేం తీసుకెళ్ళిన కొత్త ఫ్లోటు సూది, గాస్కెట్లు వేశాడు. డ్రమ్ములో నీళ్ళు నింపి, ఇంజను కాళ్ళు అందులో ముంచి తాడు లాగాడు. మూడోసారికి అందుకుంది. స్క్రూను పావు పావు తిప్పుతూ, కళ్ళు మూసుకుని విన్నాడు.

“డ్రమ్ముల బరువుండదు సారూ. సాగర్ల మనుషులెక్కినంక మళ్ల వినాలె. పెట్రోలు తక్కువైతే దాంట్ల కలిపిన నూనె గూడ తక్కువైతది. పిస్టను పట్టేస్తది.”

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారుసైకిళ్ళలో కార్బురేటర్ల చోటును ఇంజెక్షన్ ఆక్రమించింది. ఆయనకు పని తగ్గింది. షెడ్డున్న జాగా కూడా అమ్ముడైందట.

“ఈ విద్య ఎవరికైనా నేర్పారా?” అన్నాను.

“చెప్పొచ్చు సారూ. వినేటోడుండాలె గదా!”

బుధవారం మావాడు సాగర్ ఒడ్డు దగ్గరనుంచి ఫోను చేశాడు. పడవలో నలుగురున్నారు. నేను ఆ ఫోన్ను మోకిలకు కలిపాను. ముగ్గురం మాట్లాడకుండా ఇంజను చప్పుడు విన్నాం.

“జర తడబడుతున్నది. పావు తిప్పు ఇడువు తమ్మీ... ఆఁ, గంతే.”

నాకు తేడా తెలియలేదు. మావాడికి మాత్రం తెలిసింది. “అవును తాతా, ఇప్పుడు సాఫీగా ఉంది” అన్నాడు. వినేవాడు ఒకడు దొరికాడన్నమాట!

మా ఆవిడ పడవ అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.