వాకిలి ఎటువైపు?

సంఘం ఏదైనప్పటికీ నేడు దానికి రెండు వాకిళ్లు ఉంటున్నాయి. ఒకటి భవనానికి ఉన్నది. రెండవది సభ్యుని చేతిలోని ఫోనులో తెరుచుకొనేది. మొదటి వాకిలి వద్ద కావలివాడో గుమాస్తావో ఉంటాడు. కొత్తవారు అడిగితే, "మెట్లెక్కి ఎడమచేతి గది" అని చెబుతాడు. వచ్చినవారు వృద్ధులైతే వెంట నడిచి చూపుతాడు. రెండవ వాకిలి వద్ద మనిషి ఉండడు. ఏ మాటను ఎక్కడ ఉంచారు, ఏ మీటకు ఏ పేరు పెట్టారు, ఒక పుట నుండి మరొక పుటకు దారి ఎటు వేశారు అన్న అమరికే అక్కడ గుమాస్తా పని చేయాలి. ఆ అమరిక సరిగా లేకపోతే రుసుము చెల్లించిన సభ్యుడు కూడా వీధిలోనే నిలబడిపోతాడు. వెబ్‌సైటు అమరికను మనం సాధారణంగా రంగులకూ బొమ్మలకూ సంబంధించిన విషయంగా భావిస్తాము. అది సభ్యత్వపు హక్కుకు సంబంధించిన విషయమని విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దారి చూపడం ఒక శాస్త్రమని మన దేశంలో గ్రంథాలయ పెద్దలు చాలాకాలం క్రితమే గుర్తించారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గురించినది. పుస్తకం బీరువాలో ఉన్నంత మాత్రాన చాలదు. వెదుకుతున్నవానికి అది తక్కువ శ్రమతో దొరకాలి. సూచిక ఉన్నది అందుకే. బీరువాల మీద అంటించే చీటీలూ అందుకే. టిమ్ బర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ ఈ సమస్యను తొలగించలేదు, మరింత పెంచింది. బీరువాల మధ్య నడిచేవానికి గది పొడవు, వెడల్పు కనబడతాయి. తెర ముందు కూర్చున్నవానికి ఒక్క పుట తప్ప మరేదీ కనబడదు. తాను ఎక్కడ ఉన్నాడో, ఇంకా ఏమేమి ఉన్నాయో, వచ్చిన దారిన ఎలా మరలిపోవాలో అతనికి ప్రతి పుటా చెప్పాలి.

ఇందుకోసం కొన్ని మర్యాదలు ఏర్పడి ఉన్నాయి. ప్రతి పుటకూ పైభాగాన ఒకే వరుసలో విషయాల పట్టిక ఉంటుంది. దానిని మెనూ అంటున్నాము. సంఘం చిహ్నాన్ని తాకితే మొదటి పుటకు చేరుతాము. లోపలి పుటలలో "మొదటి పుట, సభ్యులు, సహాయ నిధి" అని నడిచి వచ్చిన మెట్లు చిన్న అక్షరాలలో కనబడతాయి. ఇంగ్లీషువారు దీనికి రొట్టె ముక్కల పేరు పెట్టారు. అడవిలో దారి తప్పకుండా రొట్టె ముక్కలు జారవిడుచుకుంటూ పోయిన పిల్లల జర్మన్ కథ దానికి మూలం. ఆ కథలో ముక్కలను పక్షులు తినివేస్తాయి. వెబ్‌సైటులో ఆ ప్రమాదం లేదు. ఇక ఫోనులలో మెనూ స్థానాన మూడు అడ్డగీతలు కనబడుతున్నాయి. ఆ గుర్తును జిరాక్స్ సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ అనే యంత్రం కోసం నార్మ్ కాక్స్ రూపొందించాడు. మన తరానికి అది తలుపు. మా అమ్మమ్మకు అవి మూడు గీతలు మాత్రమే. వాటి ప్రక్కన "విషయాలు" అన్న ఒక్క మాట వ్రాస్తే సంఘానికి కలిగే నష్టం ఏమీ లేదు.

సభ్యత్వ సంఘాల వెబ్‌సైటులలో ఇంకొక చిక్కు ఉన్నది. అందరూ చూడదగిన పుటలు కొన్ని, సభ్యులు మాత్రమే పాస్‌వర్డు ఇచ్చి చూడవలసినవి కొన్ని ఉంటాయి. ఈ విభజన అవసరమే. సభ్యుల చిరునామాలు వీధిలో పెట్టరాదు. కాని మూసిన తలుపు వెనుక ఏమి ఉన్నదో తలుపు మీద వ్రాసి ఉండాలి. లేకపోతే ఎవరూ తట్టరు.

మా పట్టణంలోని ఒక సాంస్కృతిక సంఘం సభ్యుల పిల్లలకు ఏటా పుస్తకాల ఖర్చు నిమిత్తం కొంత సొమ్ము ఇస్తుంది. మా ప్రక్కింటి చాచా అందులో చాలా ఏళ్లుగా సభ్యుడు. ఆయన దర్జీ పని చేస్తారు. తెలుగు చక్కగా మాట్లాడతారు గాని చదవడం, వ్రాయడం ఉర్దూలోనే. మూడేళ్ల క్రితం ఆ సంఘం కాగితపు దరఖాస్తులను మానివేసి, అంతా వెబ్‌సైటులోనే అన్నది. ఉర్దూ పుటలు కూడా ఉన్నాయని చాచా సంతోషించారు. తీరా చూస్తే సహాయ నిధి పేరు మెనూలో ఎక్కడా లేదు. అది "ఇతరములు" అన్న శీర్షిక కింద, సభ్యుల తలుపు వెనుక ఉన్నది. నాలుగు రోజులు రాత్రివేళ పని ముగించుకొని వెదికి ఆయన దానిని పట్టుకున్నారు. దరఖాస్తు సగం నింపి, ముందుకు పోవాలని ఎడమవైపు చూపుతున్న బాణం నొక్కారు. ఉర్దూ చదివేవారికి ముందు అంటే ఎడమ. ఆ బాణం ఆయనను వెనుకకు తీసుకుపోయి, నింపినదంతా చెరిపివేసింది. మరునాడూ అలాగే జరిగింది.

మూడవనాడు ఆయన మా ఇంటికి వచ్చి ఫోను నా చేతికిచ్చి, "బేటా, ఈ బాణం నన్ను ఎటు పొమ్మంటున్నదో కొంచెం చూడు" అన్నారు. నేను తెలుగు పుట తెరిచాను. గడువు రెండు రోజుల క్రితమే ముగిసిందని అక్కడ ఉన్నది. ఉర్దూ పుటలో అంతకు ముందటి సంవత్సరపు తేదీయే ఉన్నది. చాచాతో కలిసి నేనూ సంఘ కార్యాలయానికి వెళ్లాను. అక్కడివారు కఠినంగా మాట్లాడలేదు. "మేము వెబ్‌సైటులో పెట్టాము గదా" అని మాత్రం అన్నారు. అది నిజమే. కాని పెట్టడం వేరు, అందించడం వేరు. ఆ సంవత్సరం చాచా కూతురు పుస్తకాల సొమ్ము కోసం సాయంకాలాలు నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పింది. పరీక్షలు దగ్గర పడిన నెలలో కూడా మానలేదు. ఆమె చదువు ఆగలేదు గాని, ఆమె చదువుకోవలసిన గంటలను ఒక తప్పుడు బాణం తినివేసింది.

ఈ తప్పు ఎలా జరుగుతుందో తెలుసుకోవడం మన కళాశాలకు ప్రత్యేకంగా అవసరం. మన సంచికలో ఒక భాగం ఎడమ నుండి, ఒక భాగం కుడి నుండి తెరుచుకుంటుంది. ఉర్దూ పుస్తకం అట్ట మనకు వెనుక అట్టగా కనబడే చోట ఉంటుంది. వెబ్‌సైటుకూ ఇదే న్యాయం. ఉర్దూ పుట అంటే తెలుగు మాటలు తీసి ఉర్దూ మాటలు పెట్టిన పుట కాదు. అద్దంలో చూసినట్లు అంతా తిరగాలి. చిహ్నం కుడి మూలకు రావాలి, మెనూ కుడి నుండి మొదలు కావాలి, "తరువాత" అన్న బాణం ఎడమకు చూపాలి. అయితే అన్నీ తిరగరాదు. ఉర్దూలో కూడా సంవత్సరాలు, ఫోను నంబర్లు ఎడమ నుండి కుడికే చదువుతారు. వాటిని తిప్పితే అనర్థం. ఈ ఏర్పాట్లకు సాంకేతిక సౌకర్యం లేదనడానికి వీలు లేదు. పుట ఏ దిశగా నడవాలో తెలిపే ఏర్పాటు 1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌.టి.ఎం.ఎల్. 4.0 ప్రమాణంలోనే ఉన్నది. తెలుగు లిపికీ, ఉర్దూకు ఆధారమైన అరబిక్ లిపికీ యూనికోడ్ 1991 నాటి తొలి సంపుటిలోనే స్థానం లభించింది.

దిశ వేరైనా ఈ రెండు లిపులకూ ఒక సమానమైన కష్టం ఉన్నది. ఇంగ్లీషు అక్షరం ఎత్తుకు కొలిచి చేసిన మీటలలో మన ఒత్తులు ఇమడవు. "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటల అడుగుభాగం తెగిపోతుంది. ఉర్దూవారికి ప్రియమైన నస్తాలీఖ్ రాత కుడి పైనుండి ఎడమ కిందికి జాలువారుతుంది. దానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. వరుసల మధ్య కొంచెం ఖాళీ పెంచితే రెండు భాషలవారి కష్టం ఒక్కసారే తీరుతుంది. ఇద్దరు పొరుగువారికి ఒకే చూరు నీడనిచ్చినట్లు.

ఇక చూపు లేని సభ్యుని సంగతి. నా సహాధ్యాయి ఒకరు స్క్రీన్ రీడర్ సహాయంతో చదువుకుంటారు. అది తెర మీది మాటలను చదివి వినిపించే సాధనం. ఎన్‌.వి.డి.ఎ. అనే సాధనం ఉచితంగానే లభిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. అయితే అది చదవడానికి అక్షరాలు ఉండాలి. మన సంఘాలు ప్రకటనను అందంగా అచ్చువేయించి, దాని ఫోటో తీసి వెబ్‌సైటులో పెడతాయి. స్క్రీన్ రీడర్ అక్కడికి వచ్చి "చిత్రం" అని ఊరుకుంటుంది. పది లింకులకూ "ఇక్కడ నొక్కండి" అనే పేరు పెడితే, అతనికి పదిసార్లు అదే మాట వినబడుతుంది. ఏ తలుపు దేనిదో తెలియదు. ప్రతి పుటలోనూ మెనూ అంతా వినకుండా నేరుగా విషయానికి పోయే లింకు ఒకటి మొదట ఉంచితే అతనికి ఎంతో కాలం మిగులుతుంది. ఇవి దయాధర్మాలు కావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాల అందుబాటు గురించి స్పష్టంగా చెప్పింది. అంతర్జాతీయంగా 1999లో మొదలై 2023 అక్టోబరులో 2.2 సంపుటికి చేరిన అందుబాటు సూత్రాలు కొలతలు కూడా ఇస్తున్నాయి. సాధారణ అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. వేలితో నొక్కే మీట కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. లేదా చుట్టూ తగినంత ఖాళీ ఉండాలి. మెనూ వరుస ప్రతి పుటలో ఒకేలా ఉండాలి.

లోపలికి వచ్చే వాకిలి గురించి ఇంత చెప్పిన తరువాత బయటికి పోయే వాకిలి గురించి కూడా ఒక మాట. సభ్యత్వం తీసుకునే మీట పెద్దదిగా, రంగులతో ఉంటుంది. మానుకునే మీట మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలు ఇటువంటి 13 రకాల మోసపు అమరికలను పేర్కొన్నాయి. సభ్యత్వం రద్దును కష్టతరం చేయడం వాటిలో ఒకటి. అతిథిని పట్టి ఉంచడానికి గడియ వేసే ఇంటికి రెండవసారి ఎవరూ రారు.

"ఇదంతా ధనమున్న సంస్థలకు సాధ్యం; కార్యదర్శి ఒక్కడే అన్నీ చూసుకునే చిన్న సంఘం ఏమి చేయగలదు?" అని పెద్దలు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పైన చెప్పిన వాటిలో చాలావాటికి ఖర్చు లేదు. "ఇతరములు" అన్న శీర్షికను "పుస్తకాల సహాయ నిధి" అని మార్చడానికి ధనం అక్కరలేదు. రెండు భాషల పుటలలో ఒకే తేదీ ఉన్నదా అని చూడడానికి శ్రద్ధ చాలు. పరీక్షించడం కూడా సులభమే. ఐదుగురిని కూర్చోబెట్టి చూస్తే వెబ్‌సైటులోని లోపాలలో అధిక భాగం బయటపడుతుందని యాకోబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు. ఆ ఐదుగురూ ఎవరన్నదే ముఖ్యం. తయారు చేసిన యువకుని మిత్రులు ఐదుగురైతే ఫలితం శూన్యం.

మన కళాశాల పూర్వ విద్యార్థుల సంఘానికి వెబ్‌సైటు ఉండాలన్న ఆలోచన వినబడుతున్నది. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. రంగులు నిర్ణయించడానికి ముందే ఐదుగురిని పిలిపించండి. ఉర్దూ మాత్రమే చదివే ఒక తండ్రి, తెలుగు మాత్రమే చదివే ఒక తల్లి, చూపు లేని ఒక విద్యార్థి, పాత ఫోను తప్ప వేరే సాధనం లేని ఒక పల్లెటూరి కుర్రవాడు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు. వారికి ఒక్క పని చెప్పండి: విద్యార్థి సహాయ నిధి దరఖాస్తు ఎక్కడ ఉన్నదో కనుక్కొని, నింపి పంపమనండి. ఎవరూ ప్రక్కన నిలబడి సాయం చేయవద్దు. వారి వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనుకకు మరలిందో వ్రాసుకోండి. ఆ కాగితమే మన వెబ్‌సైటుకు మొదటి నమూనా.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. రేపు మనలో కొందరు ఇటువంటి పుటలను తయారు చేసే ఉద్యోగాలలోకి పోతారు. అప్పుడు మన ఎదుట ఉండేది ఒక తెర; ఆ తెరకు అవతల ఉండేవారు మనకు కనబడరు. రాత్రివేళ పని ముగించుకొని, కళ్లజోడు తుడుచుకొని, తన బిడ్డ చదువు కోసం ఒక మీట వెదుకుతున్న మనిషి అక్కడ ఉన్నాడని గుర్తుంచుకుంటే, బాణం ఎటు చూపాలో మనకే తెలుస్తుంది.