వాన పడిన మర్నాడు

వాన పడితే మిరపకాయ బజ్జీలు అడిగే మొగుళ్లుంటారు. మా ఆయనకు మాత్రం నిద్ర పట్టదు. ఊరి చివర ఓ గోల్ఫ్ మైదానంలో సూపర్‌వైజరు మరి. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడైతే మూడు రోజులు ఇంటి ముఖమే సరిగా చూడలేదు. "ఇసుక గుంటల కోసం ఇంత అవస్థా!" అని సణిగాను.

తర్వాత ఓ వానాకాలం ఆయన క్యారియర్ మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. ఆ గుంటల్ని బంకర్లంటారు. వాలు మీది ఇసుకంతా జారి అడుక్కి చేరింది. పైన ఎర్రమట్టి బయటపడి, అదీ ఇసుకలో కలిసింది. పంపుతో నీళ్లు తోడేశాక, పది మంది ఆడవాళ్లు తడి ఇసుకను పారలతో మళ్లీ వాలు మీదికి ఎగదోస్తున్నారు. అడుగున నాలుగంగుళాలు, వాలు మీద రెండంగుళాలు ఉండాలట.

"రేపు మళ్లీ వాన పడితే?" అన్నాను.

"మళ్లీ ఇదే పని."

అసలు రోగం కింద ఉందట. కంకరలో పరిచిన చిల్లుల గొట్టాలు సన్నమట్టితో పూడుకుపోయాయి. సింకు పూడుకున్నాక గట్టు ఎంత తుడిస్తే ఏం లాభం?

నీళ్లు తాగడానికి వచ్చిన ఒకామెను "నడుము నొప్పి పుట్టదా?" అని అడిగాను.

"పుడ్తది గదమ్మా. గానీ వానొస్తేనే మాకు కూలి" అంది నవ్వుతూ.

ఆయన ఏళ్లుగా అడగ్గా అడగ్గా, పోయిన వేసవిలో డబ్బు మంజూరైంది. పాత ఇసుక ఎత్తేశారు. కొత్త గొట్టాలు వేశారు. మట్టి పైకి రాకుండా దళసరి గుడ్డలాంటి పొర పరిచారు. రేణువులు గుండ్రంగా కాక కోసుగా ఉండే ఇసుక తెప్పించారు. అలాంటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వాలు మీద నిలుస్తాయట.

ఈ ఏడు మొదటి పెద్ద వానకి ఆయన హాయిగా నిద్రపోయారు. తెల్లారి నింపాదిగా కాఫీ తాగుతూ, "చూశావా, ఇసుక కదల్లేదట!" అన్నారు. ఆ సంతోషం చూసి నాకూ కడుపు నిండింది.

"మరి ఆ పది మంది?" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టారు. ఇసుక చదును చేయడానికి రోజూ ఇద్దరు కావాలట, ఇద్దర్ని పెట్టుకున్నారట. మిగతా ఎనిమిది మంది సంగతి ఆయన చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

ఆ నవ్విన మనిషి ఆ ఇద్దరిలో ఉందో లేదో. నిన్న రాత్రి మళ్లీ వాన. ఈసారి నిద్ర పట్టనిది నాకు.