పేరు ఒకటే... పని ఒకటేనా?

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని సామెత. కంప్యూటర్ల విషయంలో అంత మాట అనలేం గానీ, పేరు చూసి మోసపోయే అవకాశం మాత్రం చాలా ఉంది. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు మమ్మల్ని అడుగుతుంటారు: "అన్నా, ల్యాప్‌టాప్ కొనాల్నా, డెస్క్‌టాప్ కొనాల్నా? రెండిట్లో ఐ5 ప్రాసెసరే ఉంది గదా!" కథలు, కవితలు రాసే శక్తి మాకు లేదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాం.

మేమంటే ముగ్గురం. హైదరాబాదులో చిలుకూరు అనగానే అందరూ బాలాజీ గుడి అనుకుంటారు. "కాదండీ, మాది కోదాడ పక్కన చిలుకూరు" అని చెప్పుకుంటూ కంప్యూటర్ సైన్సులో పీజీ చేస్తున్నాం. ముగ్గురి ఇళ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ప్రాజెక్టు పనికి కంప్యూటర్ కావాల్సి వచ్చింది. విడివిడిగా కొనడం ఎవరి వల్లా కాదు. స్కాలర్‌షిప్‌లో మిగిలింది, సెలవుల్లో పనికి పోయి సంపాదించింది, ఇంటి నుంచి పంపింది కలిపి ముగ్గురికీ ఒకటి కొనాలనుకున్నాం. అమ్మలు నాట్లకు, పత్తి ఏరడానికి పోయి దాచిన కూలి కూడా అందులో ఉంది. ఒకసారి కొంటే మళ్లీ మార్చుకునే స్తోమత లేదు.

దుకాణంలో అడిగితే "రెండూ ఐ5 యే, రెండూ పదమూడో తరమే, ఏది తీసుకున్నా ఒకటే" అన్నారు. మాకు నమ్మకం కుదరలేదు. రెండింటి పూర్తి పేర్లు కాగితం మీద రాసుకుని గదికి వచ్చి, ఇంటెల్ వాళ్లు ఇచ్చిన వివరాలు పక్కపక్కన పెట్టి చూశాం.

ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఐ5-1335యు. డెస్క్‌టాప్‌లో ఉన్నది ఐ5-13400. రెండూ 2023లో వచ్చినవే. రెండింటికీ 10 కోర్లు. రెండింటి గరిష్ఠ వేగం 4.6 గిగాహెర్ట్జ్. ఇక్కడి దాకా చూస్తే కవల పిల్లలే! అసలు తేడా ఆ తర్వాతి వరుసల్లో ఉంది. ఈ తరం ప్రాసెసర్లలో బరువు పనులు చేసే పెద్ద కోర్లు, తక్కువ కరెంటుతో చిన్న పనులు చేసే చిన్న కోర్లు అని రెండు రకాలు ఉంటాయి. డెస్క్‌టాప్ దాంట్లో పెద్దవి 6, చిన్నవి 4. ల్యాప్‌టాప్ దాంట్లో పెద్దవి 2, చిన్నవి 8. కరెంటు సంగతి చూస్తే డెస్క్‌టాప్‌ది మామూలుగా 65 వాట్లు, గరిష్ఠంగా 148 వాట్లు. ల్యాప్‌టాప్‌ది మామూలుగా 15, గరిష్ఠంగా 55.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మనవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ పేరు ఒకటే. కానీ తూము దగ్గరి పొలానికీ, చివరి భూములకూ వచ్చే నీళ్లు ఒకటేనా? ఐ5 అన్నది కాలువ పేరు. వాట్లు అన్నవి పొలానికి పారే నీళ్లు.

మరి ల్యాప్‌టాప్‌కు కరెంటు ఎందుకు తగ్గించారు? ఒకటి బ్యాటరీ. 50 వాట్‌అవర్ల బ్యాటరీ ఉందనుకుందాం. ప్రాసెసర్ ఒక్కటే 55 వాట్లు తీసుకుంటూ పోతే గంట కూడా నిలవదు. 15 వాట్లయితే మూడు గంటలు దాటుతుంది. రెండోది వేడి. డెస్క్‌టాప్ పెట్టెలో పెద్ద ఫ్యాను, గాలి ఆడే చోటు ఉంటాయి. పుస్తకమంత మందం ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ చోటు ఎక్కడిది? వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, ఆత్మరక్షణ.

మా ప్రాజెక్టు ప్రోగ్రామును కాలేజీ ల్యాబులోని డెస్క్‌టాప్ మీద, ఒక మిత్రుడి ల్యాప్‌టాప్ మీద నడిపి చూశాం. టైపింగ్, ఇంటర్నెట్ వంటి పనుల్లో తేడా కనిపించలేదు. గంటల తరబడి నడిచే ప్రోగ్రాములో మాత్రం మొదట రెండూ భుజం భుజం కలిపి నడిచాయి. కాసేపటికి ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తింది, వేగం తగ్గింది. డెస్క్‌టాప్ అలాగే సాగిపోయింది.

అలాగని ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను చిన్నచూపు చూడకండి. 2003లో ల్యాప్‌టాప్‌ల కోసమే పెంటియం ఎమ్ వచ్చింది. తనకంటే చాలా ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న పెంటియం 4 లతో అది పోటీపడింది. గిగాహెర్ట్జ్ పెంచుకుంటూ పోయిన పెంటియం 4 దారి వేడి దగ్గర ఆగిపోయింది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో, పెంటియం ఎమ్ చూపిన దారిలోనే డెస్క్‌టాప్‌లలోకి అడుగుపెట్టింది. కొద్దిపాటి కరెంటుతో బతకడం నేర్చుకున్నదే చివరికి పెద్ద పెట్టెకు దారి చూపింది. హాస్టల్లో పెరిగిన మాకు ఈ సంగతి చదివినప్పుడు ఎంత సంతోషం కలిగిందో!

చివరికి మేము డెస్క్‌టాప్ తీసుకున్నాం. మానిటర్, కీబోర్డు, యూపీఎస్ ఖర్చు కూడా లెక్కేసుకున్నాకే ఈ నిర్ణయానికి వచ్చాం. రాత్రంతా ప్రోగ్రాము నడవాలి. ముగ్గురం వంతులవారీగా కూర్చోవాలి. రేపు ర్యామ్ పెంచుకోవాలన్నా, ఫ్యాను మార్చుకోవాలన్నా సులభం.

మీకూ అదే మంచిదని చెప్పం. సెలవులకు ఇంటికి, తెరిచాక హాస్టల్‌కు తిరిగేవాళ్లకు, కరెంటు పోయినా పని ఆగకూడదనుకునేవాళ్లకు ల్యాప్‌టాపే మేలు. అందులోనూ నంబరు చివర ఉన్న అక్షరం చూడండి. ఇంటెల్‌లో 'యు' అంటే తక్కువ కరెంటు రకం. 'హెచ్' అంటే బరువు పనులకు చేసినది. బలం ఎక్కువ, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఏదైనా సరే దుప్పటి మీద పెట్టి వాడకండి, గాలి దారులు మూసుకుపోతాయి. సి, పైథాన్ నేర్చుకోవడానికి, దరఖాస్తులు నింపుకోవడానికి రెండింటిలో ఏదైనా చాలు. అలాంటప్పుడు ప్రాసెసర్ మీద పెట్టే డబ్బులో కొంత ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి పెట్టుకోండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కొనేముందు ప్రాసెసర్ పూర్తి పేరు, వాట్లు ఒక కాగితం మీద రాసుకోండి. డబ్బు కట్టేముందు మాకు ఒక్క ఫోన్ చేయండి. మేము కొన్న రోజున ఇంట్లో అడుగుదామంటే తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మీకు మేమున్నాం.