తలసరి లెక్కలో పిల్లలు

అర్థశాస్త్రం తరగతిలో పేదరికం సాధారణంగా ఇంటి లెక్కగానే వస్తుంది. తెలంగాణలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో విన్న పాఠమూ అంతే. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011–12 దారిద్య్రరేఖ మనిషికి నెలకు పల్లెల్లో 816 రూపాయలు, పట్టణాల్లో 1,000. లెక్చరర్ సుద్దముక్కతో 816ను అయిదుతో గుణించి 4,080 అని బోర్డు మీద వేశారు. అయిదుగురున్న పల్లె కుటుంబం ఖర్చు అంతకు తగ్గితే అందరూ పేదలే.

“ఇందులో పిల్లలకెంత సార్?” అని వెనక బెంచీలోని అమ్మాయి అడిగింది. “అది సిలబస్‌లో లేదమ్మా” అన్నారు.

సిలబస్‌లో ఉండవలసింది అదే. ఇంటి ఖర్చు అందరికీ సమానంగా అందుతుందని తలసరి సగటు అనుకుంటుంది. ఎవరికి తిండి చాలలేదో, ఎవరు బడి మానారో అందులో తెలియదు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలోని 12 సూచికల్లో పోషణ, బడి హాజరు ఉన్నాయి. అయినా పేదగా తేలేది కుటుంబమే, బిడ్డ కాదు.

తరువాత చెప్పవలసినవి పిల్లలు పనికి వెళ్లడానికి కారణాలు. పెద్దల సంపాదన చాలనప్పుడే పిల్లలను పనికి పంపుతారన్నది ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, ఫామ్ హోయాంగ్ వాన్ 1998లో ప్రచురించిన నమూనాకు మూలం. పిల్లలు పనిలోంచి తప్పుకుంటే పెద్దల కూలి పెరిగే వీలుందనీ అందులోనే ఉంది. అయితే శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో పేదరికం పోయేదాకా వేచి ఉండలేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనంటూ, శిబిరాల్లో చదువు చెప్పి బడుల్లో చేర్పించింది.

పథకాలను ఈ కారణాలతో కలిపి చెప్పాలి. బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ భోజనం ఆకలినీ హాజరునూ కలిపి పట్టించుకుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల వారికి ఉచిత నిర్బంధ విద్యనిచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మఒడి, హాజరు షరతుతో ఏడాదికి 15,000 రూపాయల సాయంగా తల్లి ఆదాయానికి తోడైంది. 2016 బాలకార్మిక చట్ట సవరణ 14 ఏళ్లలోపు వారి పనిని నిషేధిస్తూనే, బడివేళల తరువాత ప్రమాదకరం కాని ఇంటి వృత్తుల్లో సాయపడవచ్చంది. పత్తి చేలో, బీడీల బుట్ట దగ్గర ఆ సడలింపు ఎటు దారితీస్తుందో తరగతిలో చర్చించాలి.

ఆ కళాశాలలో ఇవన్నీ పేరూ సంవత్సరమూ ఉన్న జాబితాగా నోట్సులోకి ఎక్కాయి. పథకాల పేర్లు రాస్తే మార్కులు పడతాయి. ఏ పథకం ఏ కారణాన్ని తాకుతుందో, దేన్ని వదిలేస్తుందో రాయించినప్పుడే అది అర్థశాస్త్రం పాఠమవుతుంది.